నాలుగు సెంట్లలో రెండిళ్లు పడతాయా?

(కోనసీమలోని ఒక గ్రంథాలయంలో, ఇళ్ల ప్లాన్లు గీసే ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగం. సభలో అడిగిన ప్రశ్నలు, జవాబులతో కలిపి.)

నమస్కారం అండి. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి. ఇవాళ మాటల కన్నా అంకెలు ఎక్కువుంటాయి, బోర్డు కనపడకపోతే లాభం లేదు. పుస్తకం తెచ్చుకున్నవాళ్లు రాసుకోండి, తేనివాళ్లు ఫోన్లో ఫొటో తీసుకుందురు గాని.

నా దగ్గరికి వచ్చేవాళ్లు కుర్చీలో సర్దుకోకముందే అడిగే మాట ఒకటుంది. "మాకు నాలుగు సెంట్ల స్థలం ఉందండి. ఇద్దరబ్బాయిలు. రెండిళ్లు పడతాయా?" కొందరిది అన్నదమ్ముల పంపకం. కొందరు అమ్మానాన్నలకి ఒక ఇల్లు, పక్కనే తమకొకటి అనుకుంటారు. ఈ మధ్య ఇంకో రకం ఎక్కువైంది. ఒకదాంట్లో మనం ఉండి, రెండోది అద్దెకిచ్చి, ఆ అద్దెతో లోను వాయిదా కడదామని. ఎవరు అడిగినా నేను ఎదురు అడిగేవి మూడే. రోడ్డు వైపు ఎన్ని అడుగులు? లోపలికి ఎన్ని అడుగులు? వాన పడితే నీళ్లు ఎటు పోతాయి? ఈ మూడూ చెప్తే తప్ప నేను నోరు విప్పను. సెంట్లు స్థలం కొనడానికి, అమ్మడానికి పనికొచ్చే లెక్క. అందులో ఇల్లు పడుతుందో లేదో అడుగులే చెప్తాయి.

ఇది ఎందుకంటున్నానో బోర్డు మీద చూపిస్తాను. సెంటు అంటే 48.4 గజాలు, 435.6 చదరపు అడుగులు. నాలుగు సెంట్లంటే సుమారు 1,742 చదరపు అడుగులు, దగ్గర దగ్గర 162 చదరపు మీటర్లు. ఇప్పుడు రెండు స్థలాలు గీస్తున్నాను. రెండూ తూర్పు రోడ్డువే, రెండూ నాలుగు సెంట్లే. మొదటిది రోడ్డు వైపు 30 అడుగులు, లోపలికి 58. రెండోది రోడ్డు వైపు 43, లోపలికి నలభైన్నర. గుణించి చూసుకోండి, తేడా రెండు చదరపు అడుగులు కూడా రాదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో రెండిటికీ ధర ఒకటే పడుతుంది.

వీటిల్లో చుట్టూ కొంత వదలాలి. 2017లో జీవో 119తో వచ్చిన ఆంధ్రప్రదేశ్ భవన నిబంధనల్లో దీనికి ఒక పట్టిక ఉంది. స్థలం ఎంత, ముందున్న రోడ్డు ఎంత, కట్టేది ఎంత ఎత్తు, వీటిని బట్టి ఏ వైపు ఎంత వదలాలో అందులో రాశారు. ఆ తర్వాత సవరణలు చాలా వచ్చాయి, కాబట్టి ప్లాన్ పెట్టే రోజున పట్టిక ఎలా ఉందో చూసుకునే గీయించుకోవాలి. ఇవాళ లెక్క కోసం ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు అనుకుందాం. అడుగుల్లో చెప్పాలంటే ముందు ఐదు, మిగతా వైపులా మూడుంబావు.

మొదటి స్థలంలో పక్కపక్కనే రెండిళ్లు పెడదాం, మధ్యలో ఉమ్మడి గోడ. వెడల్పు 30లో రెండు పక్కలా వదిలింది ఆరున్నర పోతే ఇరవై మూడున్నర. సగం చేస్తే ఒక్కో ఇంటికి పదకొండు ముప్పావు. అందులో బయట గోడ తొమ్మిదంగుళాలు, ఉమ్మడి గోడలో సగం నాలుగున్నర అంగుళాలు తీసేయండి. లోపల మిగిలేది పదడుగుల ఏడున్నర అంగుళాలు. పొడవు మాత్రం దాదాపు యాభై అడుగులు. అంటే రైలు పెట్టె.

అందులో ముందు హాలు, తర్వాత పడగ్గది, ఆ తర్వాత వంటిల్లు, చివర బాత్రూమ్. చుట్టం వస్తే పడగ్గదిలోంచి నడిచి బాత్రూమ్‌కి పోవాలి. అలా వద్దనుకుని పక్కన మూడడుగుల నడవ వదిలారనుకోండి. నడవ మూడడుగులు, దాని గోడ నాలుగున్నర అంగుళాలు పోతే గది వెడల్పు ఏడడుగుల మూడంగుళాలు. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఇంట్లో ఉండే గది కనీసం 9.5 చదరపు మీటర్లు, వెడల్పు 2.4 మీటర్లు ఉండాలి. అంటే ఏడడుగుల పదిన్నర అంగుళాలు. రెండో గదికి కాస్త తగ్గినా ఒప్పుకుంటుంది గానీ మొదటి గదికి ఒప్పుకోదు. కోడ్ సంగతి పక్కన పెట్టి మంచం వేసి చూడండి. డబుల్ కాట్ పొడవు ఆరున్నర అడుగులు. తల గోడకి ఆనించి అడ్డంగా వేస్తే కాళ్ల దగ్గర తొమ్మిదంగుళాలు మిగులుతుంది. మనిషి తిరగడు, బీరువా తలుపు తెరుచుకోదు. వెలుతురు కూడా ఒక్క పక్క నుంచే, అదీ మూడుంబావు అడుగుల సందులోంచి. మధ్య గదిలో పగలు పన్నెండింటికి కూడా లైటు వేసుకోవాలి.

రెండో స్థలానికి రండి. వెడల్పు 43లో ఆరున్నర పోతే ముప్పై ఆరున్నర. ఒక్కో ఇంటికి పద్దెనిమిదింబావు. గోడలు పోగా లోపల పదిహేడడుగుల ఒకటిన్నర అంగుళం. అడ్డంగా ఒక గోడ కడితే తొమ్మిది ముప్పావు అడుగుల గది, దాని పక్కన ఏడడుగుల వంటిల్లు. నడవ అక్కర్లేదు. పొడవు ముప్పై రెండుంబావు. ఇప్పుడు విస్తీర్ణాలు చూడండి. రైలు పెట్టె 584 చదరపు అడుగులు, ఇది 588. నాలుగు చదరపు అడుగులే తేడా. అదేమో పడుకోడానికి లేని ఇల్లు, ఇదేమో పిల్లలతో హాయిగా కాపురం చేసుకునే ఇల్లు. అందుకే రోడ్డు వైపు 40 అడుగులు లేని చోట పక్కపక్కన రెండిళ్లంటే నేను వద్దనే చెప్తాను. కట్టి ఇచ్చేవాళ్లు దొరుకుతారు, అది వేరే సంగతి.

మధ్యలో ఒక మాట. ఒకే స్థలంగా ఉంచి రెండిళ్లు కట్టడం వేరు, స్థలాన్నే రెండుగా విడగొట్టి ఎవరి దస్తావేజు వాళ్లు రాయించుకోవడం వేరు. విడగొడితే ఒక్కోటి 81 చదరపు మీటర్ల స్థలమవుతుంది, పట్టికలో గడి మారిపోతుంది, వదలాల్సిన లెక్కలూ మారిపోతాయి. ముందు పంపకం దస్తావేజు రాయించేసుకుని తర్వాత నా దగ్గరికి వస్తుంటారు. ముందు ప్లాన్ కాగితం మీద పెట్టి చూసి, ఆ తర్వాత దస్తావేజు రాయించుకోండి. రోడ్డు సన్నదైతే ఇంకో చిక్కు. రోడ్డు మధ్య గీత నుంచి ఉండాల్సిన వెడల్పులో సగం కొలిచి, మీ స్థలంలోకి వచ్చినంత మేర వదలమంటారు. అప్పుడు 58 అడుగుల లోతు 55 అయినా కావచ్చు. టేపు పట్టుకునేటప్పుడు రోడ్డు కూడా కొలవండి.

ఇక మొదటి స్థలంలోనే ముందొక ఇల్లు, వెనకొక ఇల్లు. మనవైపు ఊళ్లలో చాలా పంపకాలు ఇలాగే జరుగుతాయి. పెద్దాయనకి ముందు భాగం, తమ్ముడికి పెరడు. ఇక్కడ అసలు ప్రశ్న దారి. ఎంత వదలాలి? "మూడడుగులు చాలండి, స్కూటరు పోతుంది కదా" అంటారు. స్కూటరు పోతుంది. ధాన్యం బస్తా భుజాన వేసుకున్న మనిషి పోతాడా? ఫ్రిజ్ మోసుకొచ్చే ఇద్దరు పోతారా? ఇంట్లో పెద్దవాళ్లకి ఒంట్లో బాగోక స్ట్రెచర్ మీద తేవాల్సి వస్తే? చెప్పకూడదు గానీ చెప్పాలి, పాడె మోసే నలుగురు పక్కపక్కన నడవాలి. మూడడుగుల సందులోంచి శవాన్ని నిలువునా ఎత్తి తెచ్చారని ఒకావిడ నా ముందు ఏడ్చింది. ఆరడుగుల కన్నా తక్కువ దారికి నేను గీత గీయను.

ఆరడుగులు దారికి వదిలితే ముందింటికి వెడల్పు ఇరవై ముప్పావు అడుగులు, వెనకింటికి ఇరవై మూడున్నర. రెండిళ్ల మధ్య ఆరున్నర అడుగుల ఖాళీ ఉంచితే ఒక్కోదానికి లోతు ఇరవై ఒకటిన్నర పైచిలుకు. ముందిల్లు 448, వెనకిల్లు 508 చదరపు అడుగులు. రైలు పెట్టె కన్నా చిన్నవే. కానీ నాలుగు వైపులా కిటికీలు పెట్టుకోవచ్చు, ఇల్లు నలుచదరంగా ఉంటుంది. ఉండటానికి ఇదే నయం. ముందింటి కిటికీలు మాత్రం దారిలోకి రెక్కలు తెరుచుకునేవి వద్దు, జారుడు కిటికీలు పెట్టించండి. రాత్రిపూట బండి మీద వచ్చేవాడి కణతకి తగులుతాయి.

ఈ దారి కాగితం మీద ఎలా రాస్తారన్నది చాలా ముఖ్యం. మామూలుగా దస్తావేజుల్లో "నడుచు దారి హక్కు కలదు" అని ఒక ముక్క రాసి వదిలేస్తారు. పదేళ్లు బాగానే నడుస్తుంది. తర్వాత వెనకాయన కొత్త నీళ్ల పైపు వేద్దామని గడ్డపార దించగానే ముందాయన కొడుకు బయటికి వస్తాడు. "నడవమని రాశారు గానీ తవ్వమని రాయలేదు" అంటాడు. చట్టం ప్రకారం దారి లేకుండా ఎవరినీ మూసెయ్యలేరు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం పంపకంలో తప్పనిసరైన దారికి హక్కు ఇస్తుంది, ఇరవై ఏళ్లుగా అడ్డు లేకుండా వాడుకున్న దారికీ ఇస్తుంది. కానీ దానికోసం కోర్టు మెట్లెక్కితే ఇల్లు కట్టినంత ఖర్చు. దాని బదులు దస్తావేజులో నాలుగు లైన్లు ఎక్కువ రాయించండి. వెడల్పు ఎంత, ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా, నడవడానికే కాకుండా బండి తోలుకోడానికి, కింద నీళ్ల పైపు, మురుగు పైపు వేసుకుని బాగుచేసుకోడానికి, పైన కరెంటు తీగ లాక్కోడానికి. పక్కన స్కెచ్ అంటించి ఇద్దరి చేతా సంతకం పెట్టించండి.

ఇప్పుడు నీళ్ల సంగతి. ఇదే నేను ఎక్కువ చెప్పాలనుకున్నది.

ధవళేశ్వరం దగ్గర 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేలకి నీళ్లు తేవడం తేలికైంది. పోగొట్టడం ఇప్పటికీ కష్టమే. గౌతమికీ వశిష్ఠకీ మధ్య ఉన్న ఈ ముక్కంతా బల్లపరుపు. వాలు ఉందో లేదో కంటికి తెలియదు. రాజమండ్రి అవతల మెట్ట ఊళ్లలో ఇల్లు కట్టేవాడికి లేని బాధ మనకుంది. మీ స్థలంలో పడ్డ నీళ్లు రోడ్డు పక్క కాలువలోకి పోతాయా, కాలువ నీళ్లే మీ స్థలంలోకి వస్తాయా? చూసి చెప్పలేం. తాపీమేస్త్రీ దగ్గర తెల్లటి ట్యూబ్ ఉంటుంది, నీళ్లు పోసి రెండు కొసలా పట్టుకునేది. ఒక కొస రోడ్డు పక్క కాలువ అడుగున పాతిన కర్ర దగ్గర, రెండో కొస పెరటి చివర పాతిన కర్ర దగ్గర పట్టుకోండి. ట్యూబులో బుడగలు లేకుండా చూడాలి, ఉంటే లెక్క తప్పుతుంది. నీళ్లు కుదురుకున్నాక రెండు కర్రల మీదా గీత పెట్టి, గీత నుంచి నేలదాకా కొలవండి. ఆ రెండు కొలతల తేడాయే మీ స్థలం జాతకం.

ఎందుకంటే వెనకింటి బాత్రూమ్ నుంచి ముందు కాలువ దాకా నాలుగంగుళాల పైపు పోవాలి. అది కదలాలంటే అరవై అడుగులకి ఒక అడుగు వాలు కావాలి. మన స్థలం 58 అడుగులు కాబట్టి దగ్గర దగ్గర అడుగు. ఒక ఇల్లు ముందు కట్టుకుని పెరడు వదిలేసిన రోజుల్లో ఈ అడుగుతో పనిలేదు. వంటింటి నీళ్లు అరటి మొక్కలకి పోయేవి. పెరట్లో రెండో ఇల్లు పెట్టగానే అరటి మొక్కలూ పోతాయి, అడుగు వాలూ కావాలి. ఆ అడుగు ఎక్కణ్నుంచి తెస్తారు? మెరక తోలించి. పైన గట్టిగా ఒక అడుగు నిలవాలంటే, నాలుగు సెంట్లకి 1,740 ఘనపుటడుగుల మట్టి, అణిగిపోయేది దానికి అదనం. ట్రాక్టరు తొట్టికి వంద ఘనపుటడుగులు అనుకున్నా ఇరవై తొట్లకి తక్కువ కాదు. ఈ ఖర్చు ఎవరూ ముందుగా లెక్క వేసుకోరు.

పైగా రోడ్డు ఊరికే ఉండదు. సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ ఇంకో ఆరంగుళాలు పైకి లేస్తుంది. పాలకొల్లులో, భీమవరంలో పాత వీధుల్లోకి వెళ్లి చూడండి, ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన అరుగులు ఇప్పుడు రోడ్డుకి దిగువనున్నాయి. కాబట్టి ఇవాళ్టి రోడ్డుకి సరిగ్గా గచ్చు పెట్టుకుంటే చాలదు. కనీసం రెండున్నర అడుగులు పైకి పెట్టుకోమంటాను. గోదావరి మధ్య లంకల్లో అయితే ఆ లెక్క వేరే. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర నీరు 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక పదిహేడు లక్షలకే ఇస్తారు. ఆ నాలుగు రోజులు ఎంత దాకా మునిగిందో గోడ మీద మరక ఇంకా ఉంటే, దానికి పైన గచ్చు ఉండాలి. మరక లేకపోతే 1986 ఆగస్టు వరద చూసిన ముసలాయన్ని అడగండి, గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తాడు.

సెప్టిక్ ట్యాంకు. దాని నుంచి వచ్చే నీరు నేలలోకి ఇంకిపోయే గుంతకీ తాగే నీటి బావికీ మధ్య 18 మీటర్లు ఉండాలని మన ప్రమాణాలు చెప్తాయి. మన స్థలం పొడవు 58 అడుగులు, అంటే 17.7 మీటర్లు! వాస్తు ప్రకారం బోరు ఈశాన్యంలో, ట్యాంకు వాయవ్యంలో పెట్టారనుకోండి, ఆ మూల నుంచి ఈ మూలకి కూడా చాలదు. ఈశాన్యం నుంచి నైరుతికి ఐమూలగా కొలిస్తే 65 అడుగులు, సరిపోతుంది. కానీ నైరుతిలో గుంత తవ్వమంటే సిద్ధాంతి గారు ఊరుకోరు. (నవ్వులు.) నవ్వకండి, ఈ ముడి దగ్గరే చాలా ప్లాన్లు ఆగిపోతాయి. రెండిళ్లకి రెండు ట్యాంకులు, రెండు గుంతలు, రెండు బోర్లు, వాటి మధ్య పక్కింటివాళ్ల బోరు. శ్రావణమాసంలో మన దగ్గర చాలా చోట్ల మూడు నాలుగడుగులు తవ్వితే నీరు పడుతుంది. ఇంకుడు గుంత అప్పుడు ఇంకించదు, ఎదురు ఊరుతుంది. బోరులో వచ్చేది ఏ నీరో మీరే ఆలోచించుకోండి.

నా సలహా ఏంటంటే రెండిళ్లకీ కలిపి ఒకే ట్యాంకు కట్టండి. పదిమందికి లోపల రెండు మీటర్ల పొడవు, తొంభై సెంటీమీటర్ల వెడల్పు సరిపోతుంది. నీరు కారని విధంగా లోపలా బయటా ప్లాస్టింగు చేయించి, రెండేళ్లకోసారి ట్యాంకర్‌ని పిలిచి తోడించండి. దారి పక్కనే, ట్యాంకర్ గొట్టం అందేచోట పెట్టండి. తాగడానికి బోరు మీద ఆధారపడొద్దు, పంచాయతీ కుళాయి నీరు సంపులో పట్టుకోండి. వేసవిలో కాలువలు కట్టేశాక కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది, కాబట్టి రెండిళ్లకి సంపు కూడా రెండింతలు ఉండాలి. సంపుకీ సెప్టిక్ ట్యాంకుకీ స్థలం ఆ చివరా ఈ చివరా.

నేల గురించి క్లుప్తంగా చెప్తాను. ఇసుక దిబ్బ మీద ఉన్న ఊళ్లు అదృష్టవంతులు. వరి చేను మెరక చేసిన స్థలమైతే పైనున్నది తోలిన మట్టి, కిందున్నది నల్లమట్టి. అది వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు వారుతుంది. పునాది తోలిన మట్టి మీద ఆగకూడదు, అసలు నేలలోకి దిగాలి. అందుకే మనవైపు పైల్స్, అంటే నేలలోకి దింపే కాంక్రీటు స్తంభాలు వేస్తారు, కింద గంటలా వెడల్పు చేసే అండర్ రీమ్డ్ పైల్స్. పాత చెరువు పూడ్చిన స్థలమని తెలిస్తే రెండిళ్ల మాట తర్వాత, ముందు మట్టి పరీక్ష చేయించండి. ఉన్న ఇంటి పక్కన రెండోది కట్టేటప్పుడు పాత పునాది కన్నా లోతుగా గోడ పక్కనే తవ్వకండి, పాతది ఒరుగుతుంది.

ఇన్ని చెప్పాక మీకే తెలిసిపోయి ఉంటుంది నేను ఎటు వస్తున్నానో. ఐదు సెంట్ల లోపు స్థలంలో రెండిళ్లంటే కిందొకటి, పైనొకటి. మొదటి స్థలంలోనే చూడండి. ఇరవై మూడున్నర బై నలభై తొమ్మిది ముప్పావు, అంటే 1,169 చదరపు అడుగులు. మెట్లకి వంద పోయినా ఒక్కో ఇంటికి వెయ్యి దాటుతుంది. పక్కపక్కన కడితే వచ్చేదానికి దాదాపు రెండింతలు. దారి గొడవ లేదు, రెండిళ్ల బాత్రూములు ఒకదాని మీద ఒకటి వస్తాయి కాబట్టి పైపు ఒకటే. వరదొస్తే కిందివాళ్లు పైకెళ్తారు. పెద్దవాళ్లు కింద ఉంటారు, మోకాళ్లకి మెట్ల బాధ ఉండదు. ఇప్పుడు డబ్బులు కిందదానికే ఉన్నా సరే, పునాది, పిల్లర్లు మాత్రం పైఅంతస్తు లెక్కతో ఇవాళే వేయించండి. మెట్లు రోడ్డు వైపు నుంచి నేరుగా ఎక్కేలా పెట్టండి. కిందింటి హాలులోంచి ఎక్కే మెట్లు పెట్టారంటే, అవి రెండిళ్లు కావు, ఒక ఇంట్లో రెండు కాపురాలు.

"ఆకాశంలో వేలాడే ఇల్లు నాకెందుకు, నేల కావాలి" అంటారు తమ్ముళ్లు. న్యాయమైన మాటే. పైఇంటాయనకి నేలలో విడదీయని వాటా సగం ఉందని దస్తావేజులో రాయాలి. డాబా ఎవరిదో కూడా రాయాలి. ట్యాంకు పెట్టుకోడానికీ, వడియాలు పెట్టుకోడానికీ ఇద్దరికీ హక్కుందా, రేపు రెండో అంతస్తు వేసే హక్కు ఎవరిది? అన్నదమ్ములు కలిసున్న రోజే ఇవి రాసుకోవాలి. వేరు కుంపట్లు పెట్టాక రాయలేరు.

పాత మండువా లోగిళ్లు పంచుకునేవాళ్లు ఇక్కడ ఉన్నారని విన్నాను. వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. మండువాని మధ్యకి గోడ పెట్టి చీల్చకండి. నాలుగు వైపుల పెంకు కప్పు నీళ్లన్నీ ఆ నడిమి గుంటలోకి పడి, ఒక మూల తూము గుండా బయటికి పోతాయి. గోడ కట్టగానే తూము ఒక వాటాలోకి వెళ్తుంది. రెండో వాటాదారుడి వైపు పడిన నీళ్లకి దారి ఉండదు. మొదటి పెద్ద వానకే హాల్లోకి వస్తాయి. ఆయన గోడకి కన్నం పెడతాడు, ఈయన మూస్తాడు. గదులు పంచుకోండి, మండువా, తూము మాత్రం ఉమ్మడిగా ఉంచి రాసుకోండి. లేదా ఒకరు లోగిలి తీసుకుని ఇంకొకరు డబ్బు, పెరడు తీసుకోండి. అందమైన ఇల్లు రెండు పనికిరాని ఇళ్లు కావడం చూడలేక చెప్తున్నాను.

ఇక ప్రశ్నలు.

(సభలోంచి: "పెరట్లో కాపుకొచ్చిన కొబ్బరి చెట్లున్నాయండి. రెండో ఇంటికి తీసెయ్యాలా?")

అన్నీ అక్కర్లేదండి. చెట్ల మధ్య పాతికడుగులు ఉంటాయి కాబట్టి, గోడలు ఎక్కడ పడతాయో ముందు ముగ్గు వేసి చూడండి. ఇంటి కప్పు మీదకి వాలినదీ, దారి మీద కాయ పడేదీ తీసెయ్యాలి. దారి మీద చెట్టుంటే ఎప్పుడో ఒకప్పుడు ఎవరి తల మీదో పడుతుంది. హద్దు మీదున్న చెట్టు ఎవరిదో కూడా పంపకంలో రాయండి బాబూ, కాయల దింపు రోజున గొడవ రాకుండా.

("మాది ఉప్పుటేరు పక్కన. అనుమతి ఇస్తారా?")

సముద్రం పోటు వచ్చే ఏరైతే తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు, అదే సీఆర్‌జెడ్, వర్తిస్తాయి. స్థలం ఆ పరిధిలోకి వస్తుందేమో మ్యాపులో చూసుకున్నాకే డబ్బు ఖర్చు పెట్టండి. రెండిళ్ల మాట అటుంచి ఒకదానికే ఇబ్బంది రావచ్చు.

("పెద్దవాడికి ఏ వైపు ఇవ్వాలండి, వాస్తు ప్రకారం?")

దక్షిణం, పడమర పెద్దవాడికి అంటారు. మీ నమ్మకం మీది, నేను కాదనను. కానీ ఆ లెక్కన తూర్పు రోడ్డు స్థలంలో పడమర వాటా అంటే వెనకిల్లు, దారి లేనిది. పెద్దవాడికి వాస్తు ఇచ్చి, దారి ఇవ్వకపోతే ఎలా? ముందు దారి గీయండి, తర్వాత వాటా ఎవరిదో తేల్చుకోండి.

("కరెంటు మీటర్లు రెండు ఇస్తారా?")

వంటిల్లు, దారి, డోర్ నంబరు వేరువేరుగా ఉంటే అడగొచ్చు. మీటరు కన్నా ముందు తల పైకెత్తి చూడండి. 11 కేవీ లైను స్థలం మీదుగా పోతుంటే గోడకీ తీగకీ మధ్య పక్కకి కనీసం 1.2 మీటర్లు ఉండాలి. పైఅంతస్తు వేశాక డాబా మీద బట్టలారేసే మనిషి చెయ్యి దానికి అందకూడదు.

("మాకు ప్రభుత్వం ఇచ్చిన సెంటున్నరే ఉందండి.")

సెంటున్నర అంటే 653 చదరపు అడుగులమ్మా. పక్కపక్కన మాట మర్చిపోండి. పైకి వెళ్లడమొక్కటే. పట్టా షరతులు చదివించుకుని, పునాది గట్టిగా వేయించుకోండి.

టైమైపోయింది, గ్రంథాలయం తలుపులు వెయ్యాలంటున్నారు. స్థలం కాగితాలు తెచ్చినవాళ్లు ఈ బల్ల దగ్గరికి రండి, ఒక్కొక్కరిది గీసి చూద్దాం. అడుగులు కొలిచి తెచ్చినవాళ్లు ముందు. సెంట్లు మాత్రమే తెలిసినవాళ్లు రేపు టేపుతో కొలుచుకుని ఆదివారం రండి.